బంతిపూల కింద

అతని పూర్తి పేరు దండు ఎల్లేష్. వెంకటలక్ష్మి టీచరు అతణ్ణి మొదటిసారి చూసింది పంతొమ్మిది వందల తొంభై రెండు ఆగస్టులో, యాకుత్‌పురాలోని బాలికల ఉన్నత పాఠశాలలో, తొమ్మిదో తరగతి గది ముందున్న వరండాలో. బడి ఆయా మాణిక్యమ్మ కొంగు నడుముకు బిగించుకొని ముందు నడుస్తుంటే, ఆమె కొడుకు పాత ఉర్దూ పత్రికలో చుట్టిన ఇటుకంత పుస్తకాన్ని చంకలో పెట్టుకొని, తల్లి చాటున నిలబడటానికి ప్రయత్నిస్తూ వెనకే వచ్చాడు. ప్రయత్నమని ఎందుకు అనవలసి వచ్చిందంటే, పాతికేళ్ళ ఆ మనిషి తల్లికంటె మూరెడు పొడుగు.

"మా పిలగాడు, టీచరమ్మా. గీ కితాబుల ఏం రాసిండ్రో జెర చెప్పుండ్రి," అన్నది మాణిక్యమ్మ.

భర్త రామచంద్రరావు ఉద్యోగం వెంట కృష్ణా జిల్లా నుంచి వచ్చి సైదాబాద్‌లో స్థిరపడిన వెంకటలక్ష్మి అప్పటికి పదిహేనేళ్ళుగా ఆ బడిలో ఇంగ్లీషు చెబుతోంది. వాక్యంలో పొరపాటు కనబడితే అది పిల్లల నోటుపుస్తకంలోదైనా, జిల్లా విద్యాశాఖాధికారి సర్క్యులర్‌లోదైనా పెన్సిలుతో గీత గీయకుండా ఉండలేని మనిషి. ఆవిడ పత్రిక విప్పి చూసింది. అది ఒక కంప్యూటర్‌తో పాటు వచ్చిన పుస్తకం. ఆ కంప్యూటర్ పేరు అమీగా. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో అప్పుడప్పుడే కనిపిస్తున్న కంప్యూటర్లకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. వాటి ఫ్లాపీ దీనికి ఎక్కదు, దీని విద్య వాటికి రాదు. పెళ్ళి వీడియోల మీద పేర్లూ పూలూ రంగుల తెరలూ ఎక్కించడానికి మిక్సింగ్ దుకాణాలవాళ్ళు కొందరు దాన్ని తెచ్చుకొనేవారు. బొంబాయిలో ఎవరో అమ్మేస్తుంటే ఎల్లేష్ రైల్లో ఒళ్ళో పెట్టుకొని తెచ్చుకున్నాడట.

ఒక పేజీ తెరిచి చదవమన్నది ఆవిడ. పదో తరగతి ఇంగ్లీషులోనే తప్పిన ఎల్లేష్ మూడో మాట దగ్గర ఆగిపోయాడు. ఆ తరువాత, ఆ పేజీలో ఏమి రాసి ఉండాలో తనంతట తానే చెప్పుకుపోయాడు. ఏ మీట నొక్కితే ఏ రంగు మారుతుందో, ఏ గీత ఎక్కడ తిరుగుతుందో అతడు చేసి చూసి తెలుసుకున్నాడు. పుస్తకంలోనూ సరిగ్గా అదే ఉంది. చదవడం రాకుండా పాఠం వచ్చిన విద్యార్థి ఆవిడకు అంతవరకు తారసపడలేదు. ఆ పేజీలో కనిపించిన రెండు తప్పులను పెన్సిలుతో దిద్దుతుంటే మాత్రం, ఖరీదైన పుస్తకం పాడవుతుందేమోనని అతడు ఊపిరి బిగబట్టుకొని చూశాడు.

మూడు నెలలపాటు శనివారం మధ్యాహ్నాలు ఆ పుస్తకం నడిచింది. అది పూర్తయ్యాక కూడా ఎల్లేష్ రావడం మానలేదు. ఆ యంత్రంలో తెలుగు అక్షరాలు లేవు. పెళ్ళికూతురి పేరు ఇంగ్లీషులో వేస్తే తన తల్లికి చదవరాదని అతని బాధ. మాణిక్యమ్మ రాత్రి బడిలో తెలుగు అక్షరాలు మాత్రం నేర్చుకొంది. అందుకని టీచరు నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన అక్షరమాలను అతడు కాగితం మీదికి ఎక్కించుకొని, దుకాణంలో కూర్చొని, ఒక్కొక్క అక్షరాన్ని చుక్క చుక్కగా కంప్యూటర్‌లో గీశాడు. 'ఋ'ను కూడా వదలకుండా గీశాడు. ఏ పెళ్ళికూతురి పేరులో అవసరపడుతుందోనని. యాకుత్‌పురా చుట్టుపక్కల పెళ్ళి క్యాసెట్ల మీద వెంకటలక్ష్మి టీచరు చేతిరాత తిరగసాగింది. ఆ సంగతి ఆవిడకు ఎంత గర్వంగా ఉండేదో ఆవిడ ఎవరితోనూ అనలేదు.

దుకాణం స్టేషనుకు పోయే సందులో మేడమీది గది. సగం గిరాకీ బార్కస్ నుంచి, ఆ చుట్టుపక్కల ముస్లిం కుటుంబాల నుంచి వచ్చేది. వాళ్ళ ఆడవాళ్ళ వేడుకలను ఆడమనిషే కెమెరాతో తీయాలి, ఆడమనిషే మిక్సింగ్ చేయాలి. అందుకోసం ఎల్లేష్ భార్య బేబీ పని నేర్చుకొంది. ఆమె తెర లోపల కంప్యూటర్ ముందు కూర్చొంటే, అతడు తెర బయట ముక్కాలిపీట మీద కూర్చొని, ఇప్పుడు ఏ మీట, తరువాత ఏ మీట అని చెబుతుండేవాడు. తెరలోపల కదిలే బొమ్మను ఒక్కసారైనా తొంగిచూడలేదని అందరికీ నమ్మకం. ఏది చూపాలో, ఏది చూపకూడదో తెలిసిన మనిషి అని అతనికి పేరు వచ్చింది. ఆ పేరే దుకాణాన్ని నిలబెట్టింది.

తొంభై అయిదు మే నెలలో వెంకటలక్ష్మి టీచరు కూతురు సుచరిత పెళ్ళి సైదాబాద్‌లో జరిగింది. వీడియో ఎల్లేష్ కాక మరెవరూ తీయడానికి వీల్లేదని సుచరితే పట్టుబట్టింది. సుచరిత చిన్నప్పుడు తల్లి పనిచేసే బడి పక్కనే చదువుకొంది. అయిదేళ్ళు ఆ పిల్లను సంచీతో సహా చంకన ఎత్తుకొని రోడ్డు దాటించింది, మధ్యాహ్నం అన్నం కలిపి పెట్టింది, జ్వరం వస్తే స్టాఫ్‌రూమ్ బల్ల మీద పడుకోబెట్టి విసనకర్రతో విసిరింది మాణిక్యమ్మ. పెళ్ళిలో ఆమె మంటపానికి దూరంగా, స్తంభం పక్కన నిలబడి ఉంది. భర్త పోయి పదేళ్ళు దాటింది. నుదుట బొట్టు లేదు. పిలవని చోటికి రాకపోవడం ఆమెకు ఎవరూ చెప్పకుండానే అలవాటయింది.

అడ్డుతెర దించారు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. నాదస్వరం ఎత్తుకొంది. వరుడి తలమీద చేయి ఉంచిన సుచరిత చూపు స్తంభం దగ్గరికి పోయింది. "ఆయమ్మా, రా," అన్నది. ఆ పిలుపు ఆ హోరులో కూడా వినిపించింది. మాణిక్యమ్మ వచ్చింది. ఇద్దరి తలల మీద అక్షింతలు వేసింది. పెళ్ళికూతురి పైపెదవి మీద చెమట పోసి ఉంటే, కొంగుతో అద్ది తుడిచింది. అలవాటైన చేయి, అలవాటైన ముఖం. కెమెరా పట్టుకొన్న ఎల్లేష్ అక్కడినుంచి కదలలేదు. ఆ రోజంతటిలో బొమ్మ వణికింది ఆ కొద్ది క్షణాలే.

ఎవరూ ఏమీ అనలేదు. భోజనాల దగ్గర వియ్యపురాలు మాత్రం, అన్నం కలుపుకొంటూ, "ఇందాక అక్షింతలు వేసినావిడ ఎవరండీ?" అని అడిగింది. బడిలో ఆయా అని వెంకటలక్ష్మి చెప్పింది. వియ్యపురాలు "ఓహో" అని, తెనాలిలో మంచం పట్టి పెళ్ళికి రాలేకపోయిన తన అత్తగారు క్యాసెట్ కోసం ఎదురుచూస్తున్నారని, ఆవిడకు ఆచారాలంటే పట్టింపు ఎక్కువని మాట మార్చింది. అంతే. తీసేయమని ఎవరూ అడగలేదు. వెంకటలక్ష్మి టీచరు తరువాతి కాలంలో ఈ సంగతిని ఎన్నిసార్లు తిరగేసుకొన్నా, తన పక్కన నిలబెట్టడానికి ఇంకొక ముద్దాయి దొరకలేదు. వితంతువుల మీద ఆంక్షలు ఎంత అమానుషమో ఏటేటా ఎనిమిదో తరగతికి పాఠం చెప్పి, పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చిన మనిషి, వారం తిరగకుండానే యాకుత్‌పురా మేడ మెట్లెక్కింది.

ఎల్లేష్ పీట వేసి, టీ తెప్పించి, తీసినదంతా చూపించాడు. ఆ చోటు వచ్చినప్పుడు ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఎల్లేష్, ఇది పెళ్ళివారి తాలూకు పెద్దవాళ్ళు కూడా చూస్తారు. వాళ్ళకు కొన్ని పట్టింపులు ఉంటాయి."

అతడు టేపు ఆపాడు. తెరమీద మాణిక్యమ్మ చేయి సుచరిత పెదవి దగ్గర నిలిచిపోయి, ఆగిన టేపు ఆడినట్టు సన్నగా అదురుతోంది.

"తీసేస్తె ముహూర్తం పోతది, టీచరమ్మా. గదే జాగల ఉన్నది."

"తీసేయనక్కరలేదు. ఏదైనా అడ్డం పెట్టవచ్చునేమో."

అతడు టేపును ముందుకీ వెనక్కీ తిప్పి ఆ చోటు కొలుచుకొన్నాడు. తరువాత, "సమజైంది," అన్నాడు.

కారణం చెప్పవలసిన అవసరం రాలేదు. ఆ క్షణాన ఆవిడకు కలిగింది ఊరట. తరువాతి సంవత్సరాలలో, చేసిన పనికంటె ఆ ఊరటే ఆవిడను ఎక్కువ బాధించింది.

దుకాణంలో అడ్డం పెట్టడానికి సిద్ధంగా ఉన్న బొమ్మలు చాలా ఉన్నాయి. చుక్కలు, హృదయాకారాలు, తిరిగే పళ్ళెం. పెళ్ళిలో కరెంటు పోయినా, భోజనాల దగ్గర తగవు వచ్చినా అందరూ వాటితోనే కప్పేవారు. వాటిలో ఒక్కటీ ఎల్లేష్ వాడలేదు. రెండు రోజులు కూర్చొని బంతిపూలు గీశాడు. ఒక్కొక్క రేకు చుక్క చుక్కగా. అవి పైనుంచి రాలుతూ వచ్చి, తెరకు కుడిసగం నిండేదాకా పేరుకొని, ముహూర్తం దాటాక మెల్లగా జారిపోతాయి. ఆవిడను పిలిచి చూపించాడు. వెంకటలక్ష్మి టీచరు కళ్ళజోడు సవరించుకొని చూసి, రేకులు చాలా సహజంగా కుదిరాయని మెచ్చుకొంది. పరీక్ష పేపరు దిద్దినట్టు, ఒక పువ్వు నీడ తప్పు దిక్కుకు పడిందని కూడా చెప్పింది. అతడు దాన్ని సరిచేశాడు.

బళ్ళు తెరిచే ముందు ఒక ఆదివారం, తోటి టీచర్లను ఇంటికి పిలిచి ఆ క్యాసెట్ వేశారు. మాణిక్యమ్మ కూడా వచ్చింది. ఆమెను రావద్దనే ధైర్యం, రమ్మనే ధైర్యం రెండూ వెంకటలక్ష్మికి లేకపోయాయి. అత్తవారింటికి పోయే ముందు సుచరిత, "ఆయమ్మా, నువ్వు నా పక్కనే ఉంటావు చూసుకో," అని చెప్పి వెళ్ళింది. మాణిక్యమ్మ ముదురాకుపచ్చ చీర, సుచరిత పెళ్ళినాటిదే, కట్టుకొని వచ్చి గుమ్మానికి ఆనుకొని కింద కూర్చొంది. అడ్డుతెర దిగింది. నాదస్వరం ఎత్తుకొంది. కుడివైపు పై మూలనుంచి బంతిపూలు రాలడం మొదలయింది. పూల అంచున ఒక్క క్షణం ఆకుపచ్చ కొంగు మెదిలి మునిగిపోయింది. ఎంత బాగా వేశాడో అని లెక్కల టీచరు మెచ్చుకొంది. వెంకటలక్ష్మి గుమ్మంవైపు చూడలేక టీవీవైపే చూస్తూ కూర్చొంది. వెనకనుంచి మాణిక్యమ్మ గొంతు మామూలుగానే వినిపించింది.

"పూలు మంచిగ ఏసిండు నా కొడుకు."

టీ తాగడం అయ్యాక ఆమె గ్లాసులన్నీ కడిగి, బోర్లించి, వెళ్ళిపోయింది. ఆమెకు తెలిసిందా, లేదా? మరుసటి సంవత్సరం రిటైరయ్యేదాకా ఆమె రోజూ ఎప్పటిలాగే గంట కొట్టింది, ఎప్పటిలాగే టీచరమ్మ బల్ల మీద మంచినీళ్ళు పెట్టింది. అడిగి తెలుసుకోవడానికి వెంకటలక్ష్మికి అంత కాలం ఉంది. అడగలేదు. తొంభై ఏడు వానాకాలంలో మాణిక్యమ్మ మూడు రోజుల జ్వరంతో పోయింది.

పలకరించడానికి వెళ్ళినప్పుడు, గోడమీద దండ వేసిన ఫొటో ఒకటి కనిపించింది. పింఛను కాగితాల కోసం తీయించిన చిన్న ఫొటోను పెద్దది చేయించారు. కళ్ళూ ముక్కూ మసకబారి, ఎవరిదైనా కావచ్చుననిపించే ముఖం. ఇంకేమీ లేదా అని అడగబోయి ఆవిడ ఆగింది. ఊరందరి పెళ్ళిళ్ళూ తీసిన కొడుకు. ఆ పనిలో తీరిక దొరికినప్పుడు తల్లిని కూర్చోబెట్టి తీద్దామనుకొంటూనే ఉన్నాడట. ఆవిడ, సుచరిత పెళ్ళినాటి కెమెరా క్యాసెట్, పూలు వేయకముందుది, ఉందా అని అడిగింది. లేదు. ఒక పెళ్ళి మిక్సింగ్ అయిపోగానే కెమెరా క్యాసెట్ మీద ఇంకో పెళ్ళి తీయడం అందరూ చేసేదే. ఆ టేపు మీద పక్షం తిరగకుండానే బార్కస్‌లో ఒక నిఖా తీశాడు.

ఆవిడ ముఖంలో అతనికి ఏమి కనిపించిందో. తల్లి పోయి తొమ్మిది రోజులైన మనిషి, ఓదార్చడానికి వచ్చినావిడను ఓదార్చాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి, టీచరమ్మా. మన మిషన్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ వస్తదంటున్నరు. ముక్క ముక్క ఇప్పి చూసేది. అది వస్తె పూలు తీస్తం."

సాఫ్ట్‌వేర్ మాట అబద్ధం కాదు. ఆ కంప్యూటర్ చేసిన విదేశీ కంపెనీ తొంభై నాలుగులోనే మూతపడింది. అయినా దాన్ని నమ్ముకొన్నవాళ్ళు లోకమంతటా పిడికెడు మంది మిగిలారు. వాళ్ళకోసం అక్కడొకరూ ఇక్కడొకరూ ఇంకా ప్రోగ్రాములు రాస్తున్నారు. ఎల్లేష్ ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేసి, ఏడాది రెండేళ్ళ కిందటి విదేశీ పత్రికలు ఏరి తెచ్చేవాడు. వాటిలో ప్రకటనలు ఉండేవి. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించే పని ఉండదట. బొమ్మనంతా కంప్యూటర్‌లోకి దించుకొని, ఏ ముక్కనైనా ఎటైనా జరపవచ్చునట. నచ్చకపోతే చేసినదాన్ని చేయనట్టుగా మార్చవచ్చునట. ఈ చివరి సంగతిని ఆవిడ రెండుసార్లు చదివింది.

ఉత్తరాలు రాయడం అలా మొదలయింది. ఇంగ్లండుకు, జర్మనీకి, ఒకసారి కెనడాకు. ఎల్లేష్ కోరేది ఒక్క మాట: హైదరాబాదులో ఒక మనిషి ఎదురుచూస్తున్నాడని రాస్తే చాలు. ఆవిడ అలా వదిలేది కాదు. చిత్తుప్రతి రాసి, దిద్ది, మళ్ళీ రాసి, సంబోధన దగ్గరనుంచి సంతకం దాకా ఎవరూ వేలు పెట్టలేనట్టు తయారుచేసేది. ప్రధానమంత్రికి కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరని రామచంద్రరావు నవ్వేవాడు. క్షమాపణ చెప్పుకోవలసిన మనిషికి ఒక్క వాక్యం చెప్పలేక, ఊరూ పేరూ తెలియనివాళ్ళకు పేజీలు పేజీలు రాస్తున్నానని ఆవిడకు తెలుసు. రెండేళ్ళలో పదకొండు ఉత్తరాలు వెళ్ళాయి. మూడు జవాబులు వచ్చాయి. మొదటిది రంగుల కరపత్రం. రెండవది, చిరునామాదారు లేడని తిరిగివచ్చిన తన ఉత్తరమే.

మూడవది తొంభై తొమ్మిది సెప్టెంబరులో జర్మనీ నుంచి వచ్చింది. ఎల్లేష్ కవరు చింపకుండా పట్టుకొచ్చాడు. సైదాబాద్‌లో అతని స్నేహితుడు వైకుంఠం మామూలు కంప్యూటర్‌కు ఎడిటింగ్ కార్డు బిగించి కొత్త దుకాణం పెడుతున్నాడు. ఎల్లేష్‌ను సగం భాగానికి రమ్మంటున్నాడు. దసరాలోపల మాట చెప్పాలి.

"ఇది జూసి చెప్త అన్న వైకుంఠానికి," అన్నాడు, కవరు ఆవిడ చేతిలో పెడుతూ. "మనది రాదని ఉన్నదనుకో, మిషన్ మూసిపెట్టి పోత."

ఉత్తరం చిన్నది, మర్యాదగా ఉంది. ఆ యంత్రం వాడేవారు తగ్గిపోయినందువల్ల ఎడిటింగ్ ప్రోగ్రామ్ పనిని తాము శాశ్వతంగా విరమించుకున్నామని, వేరే కంప్యూటర్‌కు మారడం మంచిదని, ఇంత చక్కని ఉత్తరం రాసినందుకు ధన్యవాదాలనీ ఉంది. వెంకటలక్ష్మి టీచరు చివరిదాకా మనసులో చదువుకొంది. ఆ తరువాత తలెత్తి, జీవితంలో ఏ విద్యార్థి ముందూ చేయని పని చేసింది.

"ఆలస్యమవుతుందట. వచ్చే సంవత్సరానికి అంటున్నారు."

ఎందుకు అన్నదో అంటున్నప్పుడే ఆవిడకు తెలిసింది. అది రాదంటే పూలు ఉండిపోతాయి. ఎల్లేష్ ఉత్తరాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకొని, "ఏడాదే గదా," అని నవ్వాడు. దసరా వెళ్ళింది. వైకుంఠం ఇంకొకరిని కలుపుకొన్నాడు.

ఆ తరువాత రెండేళ్ళలో పెళ్ళివాళ్ళు క్యాసెట్లు మాని సీడీలు అడగసాగారు. ఒకరి తరువాత ఒకరు గిరాకీలు మెట్లు దిగిపోయాయి. రెండు వేల రెండులో దుకాణం మూతపడింది. బార్కస్ కుటుంబాలు తమ ఆడవాళ్ళ వేడుకలకు బేబీ తప్ప వేరెవరూ వద్దన్నందువల్ల, వైకుంఠం ఆమెను పనికి పిలిచాడు. ఆమె ఆ కొత్త కంప్యూటర్‌ను ఒక నెలలో నేర్చుకొంది. ఎల్లేష్ ఎవరు పిలిస్తే వాళ్ళకు కెమెరా పట్టుకొని వెళ్ళేవాడు. తన యంత్రాన్ని ఇంట్లో దుప్పటి కప్పి పెట్టుకొన్నాడు. "డబ్బాకు జోల పాడుతున్నడు మీ శిష్యుడు," అని బేబీ ఎగతాళి చేసింది ఒకసారి, టీచరు వింటుండగా. ఎల్లేష్ నవ్వి ఊరుకొన్నాడు. టీచరు నవ్వలేకపోయింది.

వాళ్ళ కూతురు రాగసుధ. సినిమా పాటల క్యాసెట్ మీద చూసిన పేరు నచ్చి ఎల్లేష్ పెట్టుకొన్న పేరు. రిటైరై ఇంట్లో ఉన్న వెంకటలక్ష్మి దగ్గరికి ఆ పిల్ల ఆదివారాలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చేది. తండ్రిలాగే, చదివేలోపలే తెలుసుకొనే బుర్ర. ఇంటరు చదువుతూ, రెండు వేల ఆరు ఎండాకాలం సెలవుల్లో తల్లి పక్కన కూర్చొని ఎడిటింగ్ నేర్చింది. ఆ కంప్యూటర్‌లో ఏ ముక్కనైనా ఎటైనా జరపవచ్చునని, చేసినదాన్ని చేయనట్టుగా మార్చవచ్చునని ఉత్సాహంగా చెబుతుంటే, ఆవిడ లేచి బీరువా తీసింది. క్యాసెట్ తెచ్చి, ఆ చోటు చూపించి, ఈ పూలను తీయగలవా అని అడిగింది. పదకొండేళ్ళలో ఆ ఆశను ఆవిడ పైకి అనడం అదే మొదలు.

రాగసుధ రెండుసార్లు తిప్పి చూసింది. "రాదు, టీచర్. ఏ సాఫ్ట్‌వేర్‌తోని రాదు. ఇది గోడ మీద పోస్టర్ లెక్క కాదు, చింపితే కింద గోడ కనపడనీకె. గోడనే గట్ల కట్టిన్రు."

"మీ నాన్న వస్తుందన్నాడే."

"నాన్న అనడు గట్ల. టేపు మీద పడ్డది పడ్డట్టే అని నాకు చెప్పిందే నాన్న." ఆ పిల్ల ఇంకా తెరవైపే చూస్తోంది. "కింద ఎవరున్నరు?"

వెంకటలక్ష్మి టీచరుకు జవాబు నోటిదాకా వచ్చింది. "ఎవరో, పెళ్ళికి వచ్చినవాళ్ళు," అన్నది.

ఆ పిల్ల వెళ్ళాక ఆవిడ టీవీ కట్టేయడం మరిచి కూర్చొంది. ఎల్లేష్‌కు మొదటినుంచీ తెలుసు. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుందని అతడు నిజంగానే ఆశపడ్డాడు, కాని అది తన బతుకుతెరువు కోసం. పూలు తీస్తామన్న మాట మాత్రం ఆవిడకోసం అన్నది. ఎవరి తల్లిని ఆవిడ కప్పించిందో, ఆ మనిషే ఆవిడ సిగ్గుమీద ఒక గుడ్డ కప్పాడు. ఆ గుడ్డ జారకుండా చూసుకోవడానికి ఆవిడ అతని దుకాణాన్ని ముంచింది. ఇవాళ, అడిగింది మాణిక్యమ్మ మనుమరాలని తెలిసి కూడా, మాణిక్యమ్మను మరొకసారి కప్పేసింది.

ఎల్లేష్ ఆ సంవత్సరమే కార్తీకంలో పోయాడు. కాలేయం చెడిపోయిందన్నారు. అంతకు నెల ముందు, మంచం పట్టాడని విని ఆవిడ యాకుత్‌పురా వెళ్ళింది. అతని కళ్ళు పచ్చబడ్డాయి. తల్లికంటె మూరెడు పొడుగున్న మనిషి మంచంలో సగానికి వచ్చాడు. బేబీ టీ పెట్టడానికి పోయింది. రాగసుధ లోపలి గదిలో ఉంది, టీచరు వచ్చిన అలికిడి విని కూడా బయటికి రాలేదు.

వెంకటలక్ష్మి టీచరు కుర్చీలో నిటారుగా కూర్చొని, జర్మనీ ఉత్తరం సంగతి చెప్పింది. ఏమి రాసి ఉందో, తాను ఏమని చదివిందో. ఏదీ అట్టే పెట్టుకోకుండా, వేరే మాటల చాటున దాగకుండా చెప్పింది.

ఎల్లేష్ కళ్ళు మూసుకొని విన్నాడు. "అది పోనీయుండ్రి," అన్నాడు. వైకుంఠం దగ్గర కూడా తనకు పొసగకపోయేదని, ఆ మిషన్ తప్ప ఇంకోటి తన చేతికి ఒదగలేదని, ఆ సంగతి బేబీకి ఎప్పటినుంచో తెలుసనీ మెల్లగా అన్నాడు. ఆ మాటల్లో ఎంత నిజమో, ఎంత మర్యాదో ఆవిడ తేల్చుకోలేకపోయింది. అలా ఇదివరకు ఒకసారి మోసపోయింది.

తరువాత అతడు లోపలి గదివైపు చూశాడు. పిల్ల తనతో మాట్లాడి నాలుగు రోజులైందన్నాడు. టీచరింట్లో చూసిన క్యాసెట్ సంగతి ఆమె ఎండాకాలంనుంచీ వదలలేదు. పూల కింద ఎవరని అడిగి అడిగి చివరికి అతని చేత చెప్పించింది. మీ నానమ్మ, అన్నాడు. పూలు ఎవరు గీసిండ్రు, అని అడిగింది. నేనే, అన్నాడు. ఎందుకు, అని అడిగింది.

"మీ పేరు నేను చెప్పలే," అన్నాడు ఎల్లేష్. "చెప్తె నా తప్పు మీ మీద ఏసినట్టు అయితది. చెప్పకపోతె, నా అంతట నేనే మా అమ్మను దాచిన అనుకుంటది. గది ఓర్చుకునుడు నాతోని అయితలేదు."

ఆవిడ ఏదో అనబోయింది. అతడు చేయి కొంచెం ఎత్తాడు. బడి వరండాలో తల్లి వెనక నిలబడిననాటినుంచి ఆ చేయి ఆవిడ మాటకు అడ్డం రావడం అదే మొదటిసారి.

"మీరే చెప్పుండ్రి, టీచరమ్మా. పిల్లను ఈడికి పిలుస్త. పూలు ఎందుకు పెట్టినమో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. నేను ఇంటుండంగ చెప్పుండ్రి."